సంధి నేర్పే క్రీడలు: కురుక్షేత్రం నుండి ఫరీదాబాద్ వరకు

మహాభారత యుద్ధానికి మూలకారణాలను లెక్కించేవారు ముందుగా పేర్కొనేది ద్యూతసభ. ఒక ఆట రాజ్యాన్ని పోగొట్టింది, బంధువులను అడవులపాలు చేసింది, చివరకు పద్దెనిమిది అక్షౌహిణుల సేనను రణరంగంలో నిలిపింది. అదే కథలో యుద్ధాన్ని నివారించడానికి జరిగిన కడపటి ప్రయత్నం శ్రీకృష్ణ రాయబారం. తిరుపతి వేంకటకవుల పాండవోద్యోగ విజయముల పుణ్యమా అని తెలుగునాట పామరులకు సైతం ఆ ఘట్టం కంఠస్థమయింది. అయిదూళ్ళ దగ్గర సంప్రదింపులు తెగిపోవడం ఎన్నో తరాల ప్రేక్షకులు రాత్రి తెల్లవార్లూ చూసిన దృశ్యం. ఆట వల్ల కలహం పుట్టగలదని, మాట వల్ల అది ఆగగలదని, మాట విఫలమైతే మిగిలేది కురుక్షేత్రమేనని ఈ కథ చెబుతుంది. అయితే కలహాన్ని పుట్టించగల ఆటకు కలహాన్ని పరిష్కరించే విద్యను నేర్పగల శక్తి కూడా ఉందా? విద్యారంగంలో గత అరవై, డెబ్బై సంవత్సరాలుగా చర్చకు వస్తున్న ఈ ప్రశ్నకు సమాధానం వెదకడానికి కొంత చరిత్రను తిరగవేయవలసి ఉంటుంది. ఆ అన్వేషణలో, కురుక్షేత్రం ఉన్న హర్యానా రాష్ట్రంలోనే, ఢిల్లీని ఆనుకొని ఉన్న ఫరీదాబాద్ పట్టణం ఎదురుకావడం కేవలం కాకతాళీయం కాదు.

తెలుగువారి ఆటలు

తెలుగువారి చరిత్రలోనూ ద్యూతసభను పోలిన ఘట్టం ఒకటి ఉన్నది. పన్నెండవ శతాబ్దంలో పల్నాటి సీమలో గురజాల, మాచర్ల వర్గాల మధ్య రగిలిన వైరానికి కోడిపందెం నిర్ణాయకమయింది. పందెంలో ఓడిన బ్రహ్మనాయుని వర్గం ఏడేళ్ళు వలస వెళ్ళింది. గడువు ముగిసిన పిదప రాయబారిగా వెళ్ళిన అలరాజు విషప్రయోగానికి గురయ్యాడు. తరువాతి కథ కారెంపూడి రణక్షేత్రంలో ముగిసింది. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను వీరగాథగా చదువుకోవడం పరిపాటి. వివాద పరిష్కారం దృష్టితో చదివితే అది మరొక సత్యాన్ని కూడా వెల్లడిస్తుంది. పందెం వివాదాన్ని పరిష్కరించలేదు, దానిని ఏడేళ్ళు వాయిదా వేసింది. గెలుపు ఓటములను నిర్ణయించడం ఒకటి, పక్షాల మధ్య అంగీకారాన్ని సాధించడం మరొకటి. మొదటి దానిని రెండవదిగా భ్రమించినందుకు పల్నాడు చెల్లించిన మూల్యం ఎంతటిదో వేరుగా చెప్పనక్కరలేదు.

దీనికి భిన్నంగా, ఉద్దేశపూర్వకంగా బోధన కోసమే రూపొందిన క్రీడ వైకుంఠపాళి. పరమపద సోపాన పటమని కూడా పిలిచే ఈ ఆటలో నిచ్చెనలు సుకృతాలకు, పాములు దుష్కృతాలకు సంకేతాలు. వైకుంఠ ఏకాదశినాడు జాగరణ చేసేవారు దీనిని ఆడుకోవడం ఆచారం. ఉత్తర భారతంలో దీనికి సోదరి వంటి జ్ఞానచౌపర్ ఉన్నది. ఇంగ్లండుకు చేరి పాములు-నిచ్చెనలుగా మారిన తరువాత, కాలక్రమంలో అందులోని ధర్మబోధ పలుచబడి వినోదం మాత్రమే మిగిలింది. విద్యాదృష్టితో చూస్తే వైకుంఠపాళికి ఒక పరిమితి ఉన్నది. ఆటగాని గమనం పూర్తిగా గవ్వల మీదనో, పాచికల మీదనో ఆధారపడుతుంది. అతడు ఎంచుకోవలసినది ఏదీ లేదు. పాపపుణ్యాల ఫలితాన్ని పటం చూపుతుందే కాని, వాటి మధ్య నిర్ణయించుకునే బాధ్యతను అప్పగించదు. అంతేకాక, అందులో ప్రతివాడూ తన దారిన తాను పైకి పాకుతాడు. ఎదుటివానితో మాట్లాడవలసిన అవసరం రాదు.

ఈ లోపాన్ని పూరించే ఆట కూడా మన పల్లెల్లోనే ఉండేది. అది పులిజూదం. మూడు పులులు, పదిహేను మేకలు. పులికి బలమున్నది, మేకకు సంఖ్య ఉన్నది. ఒంటరిగా చిక్కిన మేకను పులి దాటి చంపుతుంది. మేకలు ఒకదానికొకటి అండగా నిలిచి దారులు మూసివేస్తే పులి కదలలేదు. రచ్చబండల మీద, గుడి మండపాల బండల మీద గీసుకొని ఆడిన ఇటువంటి ఆటల్లో గమనించదగిన విశేషం ఏమంటే, ఒకసారి పులులను నడిపినవాడు మరుసటి ఆటలో మేకలను నడుపుతాడు. బలవంతుని చూపుతో చూసిన పటాన్నే బలహీనుని చూపుతో చూడవలసి వస్తుంది. నేటి శాంతివిద్యా నిపుణులు పాత్రల మార్పిడి అని వ్యవహరించే బోధనా పద్ధతి బీజరూపంలో ఇక్కడ ఉన్నది.

యుద్ధక్రీడల నుండి శాంతిక్రీడలకు

ఆధునిక యుగంలో క్రీడను గంభీరమైన శిక్షణకు వినియోగించిన మొదటివారు సైనికులే. ప్రష్యాలో 1812లో తండ్రి రైస్విట్జ్ రూపొందించిన యుద్ధక్రీడను కుమారుడు మెరుగుపరచి 1824లో సైనిక ప్రధాన కార్యాలయానికి సమర్పించాడు. అధికారులు పటం మీద సేనలను నడిపి, తమ నిర్ణయాల ఫలితాన్ని ప్రాణనష్టం లేకుండా తెలుసుకునేవారు. తదనంతర కాలంలో ఇతర దేశాల సైన్యాలు కూడా ఈ పద్ధతిని స్వీకరించాయి. తప్పు చేయడానికి భయపడనక్కరలేని చోట మనిషి త్వరగా నేర్చుకుంటాడన్నదే దీనిలోని కీలకం.

యుద్ధానికి ఉపకరించిన సాధనం శాంతికి ఎందుకు ఉపకరించరాదన్న ఆలోచన రెండవ ప్రపంచ యుద్ధానంతరం బలపడింది. 1950లో అమెరికాలోని ర్యాండ్ సంస్థలో రూపుదిద్దుకొని, ఖైదీల సందిగ్ధంగా పేరొందిన క్రీడ ఒక చేదు నిజాన్ని చూపింది. ఇద్దరూ తమ తమ లాభాన్నే చూసుకుంటే ఇద్దరూ నష్టపోతారు. 1950వ దశకం చివరలో హెరాల్డ్ గెట్స్‌కో, నార్త్‌వెస్టర్న్ విశ్వవిద్యాలయంలో, విద్యార్థులు కల్పిత దేశాల పాలకులుగా వ్యవహరించే అంతర్జాతీయ సంబంధాల అనుకరణ క్రీడను ప్రవేశపెట్టాడు. 1970లో క్లార్క్ ఆబ్ట్ తన గ్రంథానికి పెట్టిన పేరు వల్ల ఈ తరహా ఆటలకు సీరియస్ గేమ్స్ అన్న పేరు వ్యాప్తిలోకి వచ్చింది. తెలుగులో వీటిని సప్రయోజన క్రీడలు అనవచ్చు. 1978లో వర్జీనియాకు చెందిన ఉపాధ్యాయుడు జాన్ హంటర్ బడిపిల్లల కోసం ప్రపంచశాంతి క్రీడను రూపొందించాడు. అందులో ఒక్క దేశం గెలిస్తే చాలదు, అన్ని దేశాల సమస్యలూ తీరి, అందరి సంపదా పెరిగితేనే ఆట ముగుస్తుంది.

రాజనీతి శాస్త్రజ్ఞుడు రాబర్ట్ ఆక్సెల్‌రాడ్ ఖైదీల సందిగ్ధాన్ని పదేపదే ఆడించే కంప్యూటర్ పోటీలు రెండు నిర్వహించాడు. మొదటి దానికి నిపుణుల నుండి 14, రెండవ దానికి 62 వ్యూహాలు వచ్చాయి. రెండింటిలోనూ గెలిచినది శాంతి పరిశోధకుడైన అనటోల్ రాపొపోర్ట్ పంపిన అతి సరళమైన వ్యూహం. ముందుగా సహకరించు, తరువాత ఎదుటివాడు చేసినదే చేయి అన్నది దాని సారాంశం. అది తానుగా ద్రోహం తలపెట్టదు. ద్రోహం జరిగితే ఊరుకోదు. ఎదుటివాడు దారికి వస్తే పాత పగను మనసులో ఉంచుకోదు. పల్నాటి వీరులకు లోపించినది ఈ మూడవ గుణమే కావచ్చు.

2007లో వెలువడిన పీస్‌మేకర్ అన్న కంప్యూటర్ క్రీడ ఈ పరంపరలో ఒక మైలురాయి. కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయంలో ప్రారంభమైన ఈ పథకంలో ఆటగాడు ఇజ్రాయెల్ ప్రధానిగాని, పాలస్తీనా అధ్యక్షుడుగాని కావచ్చు. ఏ పక్షాన ఆడినా, రెండు వైపుల ప్రజలకూ సమ్మతమైన పరిష్కారం లభిస్తేనే విజయం. ఆటవల్ల ఆ ప్రాంతపు వైరం తీరలేదు. తీరుతుందని రూపకర్తలూ వాదించలేదు. ఒక నిర్ణయం తనవారికి సంతోషం కలిగించి ఎదుటివారిని ఎంత దూరం చేస్తుందో ఆటగాడు తన చేతులతో చేసి చూసుకోగలగడమే దాని ప్రయోజనం.

యువజన పార్లమెంటు

భారతదేశంలో ఇటువంటి ప్రయోగం లేదనుకోవడం పొరపాటు. 1962లో బొంబాయిలో జరిగిన నాల్గవ అఖిల భారత విప్‌ల సమావేశం సిఫార్సు మేరకు పార్లమెంటరీ వ్యవహారాల శాఖ 1966-67లో ఢిల్లీ పాఠశాలల్లో యువజన పార్లమెంటు పోటీల పథకాన్ని ప్రారంభించింది. 1978లో ఢిల్లీలోను, దాని పరిసరాలలోను ఉన్న కేంద్రీయ విద్యాలయాలు ఇందులో చేరాయి. 1988లో ఆ విద్యాలయాలకు జాతీయ స్థాయిలో ప్రత్యేక పథకం వచ్చింది. 1997-98లో జవహర్ నవోదయ విద్యాలయాలకు, విశ్వవిద్యాలయాలకు, కళాశాలలకు విస్తరించింది. పదిహేనేళ్ళ బాలిక సభాపతి స్థానంలో కూర్చొని సభ్యులను అదుపు చేయడం, ఆమె సహాధ్యాయి ప్రతిపక్ష నాయకుడై మంత్రిని నిలదీయడం ఉత్తమమైన పౌరవిద్య అనడంలో సందేహం లేదు. భిన్నాభిప్రాయం శత్రుత్వం కాదన్న భావన చిన్ననాడే అలవడుతుంది.

అయినా ఈ పథకాన్ని వివాద పరిష్కార విద్యగా పరిగణించినప్పుడు ఒక సందేహం కలుగుతుంది. సుమారు ఒక గంటపాటు సాగే ఈ నమూనా సమావేశంలో మార్కులు క్రమశిక్షణకు, సభా మర్యాదకు, ప్రశ్నల ఎంపికకు, వాగ్ధాటికి, చర్చా స్థాయికి లభిస్తాయి. పాఠశాలలు సంభాషణలను ముందుగా వ్రాసి కంఠస్థం చేయిస్తే, బిల్లు నెగ్గుతుందో వీగిపోతుందో తెర లేవకముందే అందరికీ తెలిసిపోతుంది. ఎదుటివారి వాదన విని తన అభిప్రాయాన్ని సవరించుకున్న విద్యార్థికి ప్రత్యేకించి మార్కులు లేవు. నాటకానికి, క్రీడకు భేదం ఇక్కడే ఉన్నది. నాటకంలో ముగింపు రచయితది. క్రీడలో ముగింపు ఆటగాళ్ళ నిర్ణయాలది.

ఫరీదాబాద్ అనుభవం

ఆటగాళ్ళ నిర్ణయాలే ముగింపును మలచిన ఒక నిజమైన ప్రయోగాన్ని చూడాలంటే 1949 నాటి ఫరీదాబాద్‌కు వెళ్ళాలి. జహంగీర్ కాలంలో, 1607లో, షేక్ ఫరీద్ నెలకొల్పినట్లు చెప్పే పాత ఊరికి సమీపంలో కొత్త పట్టణం ఒకటి ఆ సంవత్సరం మొలకెత్తింది. దేశ విభజన ఫలితంగా వాయవ్య సరిహద్దు రాష్ట్రం నుండి నిరాశ్రయులై వచ్చిన వేలాది కుటుంబాలు అప్పటికి గుడారాలలో కాలం వెళ్ళబుచ్చుతున్నాయి. వారిలో పెక్కుమంది తలదాచుకున్న శిబిరం కురుక్షేత్రంలోనిదే కావడం చరిత్ర వైచిత్రి. ఈ శరణార్థుల్లో ఖాన్ అబ్దుల్ గఫార్ ఖాన్ అనుచరులైన ఖుదాయీ ఖిద్మత్‌గార్లు కూడా ఉన్నారు. అహింసాయుతమైన క్రమశిక్షణ వారికి కొత్త కాదు.

బాబూ రాజేంద్రప్రసాద్ అధ్యక్షతన ఫరీదాబాద్ అభివృద్ధి బోర్డు ఏర్పడింది. ప్రధాని నెహ్రూ అనేక సమావేశాలకు స్వయంగా హాజరయ్యారు. గాంధీజీకి సన్నిహితుడైన సుధీర్ ఘోష్ నిర్వహణ బాధ్యత వహించారు. 1948లో కమలాదేవీ చట్టోపాధ్యాయ స్థాపించిన ఇండియన్ కోఆపరేటివ్ యూనియన్, యువకుడైన ఎల్.సి.జైన్ వంటి కార్యకర్తల ద్వారా సహకార సంఘాల నిర్మాణానికి పూనుకొన్నది. గుత్తేదారులకు పని అప్పగించి పట్టణాన్ని కట్టించే పాత పద్ధతిని పక్కనపెట్టి, ఇళ్ళు ఎవరివో వారి చేతనే కట్టించాలన్నది ఇక్కడి నూతన విధానం. వ్యాపారాలు, దుకాణాలు చేసుకొని బ్రతికినవారు తాపీ పట్టారు, ఇటుకలు మోశారు. యుద్ధ నష్టపరిహారంగా జర్మనీ నుండి వచ్చిన విద్యుత్ యంత్రాలతో నెలకొల్పిన కేంద్రం పరిశ్రమలకు ఊపిరి పోసింది. పిల్లల చదువును గాంధీజీ నయీ తాలీమ్ పద్ధతిలో, చేతిపనితో ముడిపెట్టి నేర్పే ప్రయత్నం జరిగింది.

ఈ అనుభవంలో విద్యాదృష్టికి ఆనేది ఇళ్ళ సంఖ్య కాదు. సహకార సంఘమంటే ప్రతిదినం తగవుకు అవకాశమున్న చోటు. ఎవరు ఏ పని చేయాలి, బలహీనునికి తేలిక పని ఇస్తే కూలి తగ్గించాలా, పనిముట్టు పాడైతే నష్టం ఎవరిది, మిగులును పంచుకోవాలా, నిల్వ చేయాలా అన్న ప్రశ్నలకు సిద్ధమైన జవాబు ఉండదు. సభ్యులు కూర్చొని, వాదించి, ఒక నియమానికి రావాలి. నియమం సరికాదని తేలితే మార్చుకోవాలి. సర్వస్వం కోల్పోయి, గుండెల్లో కసి నింపుకొని వచ్చిన మనుషులకు ఈ నిత్య వ్యవహారమే గొప్ప పాఠశాల అయింది. నియమాలను తామే ఏర్పరచుకొని, ఫలితాన్ని తామే అనుభవించే స్థితి వారిని యాచకుల స్థానం నుండి పౌరుల స్థానానికి చేర్చింది.

ఆ కథ చివరివరకు అలాగే సాగలేదు. కాలక్రమంలో బోర్డు చేతిలోని అధికారాలు శాఖాపరమైన యంత్రాంగానికి బదిలీ అయ్యాయి. సహకార సంస్థలు నిలదొక్కుకోలేకపోయాయి. ఫరీదాబాద్ హర్యానాలో ప్రధాన పారిశ్రామిక నగరంగా ఎదిగినా, దాని తొలినాటి ప్రయోగం విస్మృతిలో కలిసిపోయింది. ఎల్.సి.జైన్ 1998లో వెలువరించిన ది సిటీ ఆఫ్ హోప్ అన్న గ్రంథంలో ఈ పరిణామాన్ని, అందులో ప్రభుత్వ యంత్రాంగపు పాత్రను నిర్మొహమాటంగా విమర్శించారు. పరిపాలకులకు అది చేదుగా తోచవచ్చు. అయినా అందులోని హెచ్చరిక ఉపేక్షించదగినది కాదు. ఆట మధ్యలో నియమాలను వెలుపలివారు మార్చివేస్తే ఆటగాళ్ళు నేర్చుకోవడం మానేస్తారు, చూస్తూ కూర్చుంటారు.

పోలికలు తేల్చే విషయాలు

పై ఉదాహరణలన్నిటినీ ఒకచోట చేర్చి చూస్తే మూడు సూత్రాలు స్పష్టమవుతాయి. మొదటిది, నిర్ణయం నేర్చుకునేవానిదై ఉండాలి. వైకుంఠపాళి నీతిని చెప్పింది గాని ఈ అవకాశం ఇవ్వలేదు. రెండవది, ఎదుటి పక్షం స్థానంలో నిలబడి చూసే వీలుండాలి. పులిజూదం, పీస్‌మేకర్ దీనిని సాధించాయి. మూడవది, ఒకరి గెలుపు మరొకరి ఓటమి కాని ముగింపు సాధ్యమై ఉండాలి. కోడిపందెం దీనికి పూర్తిగా విరుద్ధం. ప్రపంచశాంతి క్రీడ దీనికి నిదర్శనం. ఫరీదాబాద్ సహకార సంఘాలలో ఈ మూడు లక్షణాలకూ తావుండటమే కాక, నాల్గవది కూడా చేరింది. నియమాలను సైతం పాల్గొనేవారే రచించుకున్నారు.

క్రీడకు, జీవితానికి గల అంతరాన్ని విస్మరించరాదు. ఆటలో ఓడినవాడు పటం మడిచి ఇంటికి పోతాడు. విభజనలో ఓడినవానికి పోవడానికి ఇల్లు లేదు. అందుచేత ఆట ఆడించినంత మాత్రాన పిల్లలు శాంతమూర్తులవుతారని ఆశించడం అమాయకత్వం. ఆట ముగిసిన తరువాత ఉపాధ్యాయుడు నడిపే చర్చలోనే అసలు బోధన ఉన్నది. ఎందుకు అలా చేశావు, అప్పుడు నీకేమనిపించింది, ఎదుటివానికి ఏమనిపించి ఉంటుంది అని అడగనినాడు ఎంత ఖరీదైన కంప్యూటర్ క్రీడ అయినా కాలక్షేపంగానే మిగులుతుంది.

కర్తవ్యం

నేటి పరిస్థితులు ఈ ఆలోచనకు అనుకూలంగా ఉన్నాయి. 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళికా చట్రం శాంతివిద్యకు ప్రత్యేక స్థానం కల్పించింది. యునెస్కో మహాత్మా గాంధీ పేరిట నెలకొల్పిన శాంతి, సుస్థిరాభివృద్ధి విద్యా సంస్థ 2012లో న్యూఢిల్లీలో ప్రారంభమై, డిజిటల్ క్రీడలను బోధనకు వినియోగించే పరిశోధనను చేపట్టింది. 2017లో వెలువడిన వరల్డ్ రెస్క్యూ అన్న క్రీడ ఆ కృషి ఫలితమే. 2020 నాటి జాతీయ విద్యా విధానం ఆటల ద్వారా, బొమ్మల ద్వారా బోధనను ప్రోత్సహించింది. 2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టం, ఒక ప్రాంతవాసుల శాంతి సామరస్యాలకు భంగం కలిగించే తగాదాలను సామాజిక మధ్యవర్తిత్వం ద్వారా, ముగ్గురు మధ్యవర్తుల బృందంతో తీర్చుకునే అవకాశం కల్పించింది. చట్టం మధ్యవర్తులను గుర్తించగలదు, వారిని తయారుచేయలేదు. ఆ పని పాఠశాలలో మొదలుకావాలి.

ఇందుకు విదేశాల నుండి తెచ్చిన ఖరీదైన సాధనాలే అవసరం లేదు. సుద్దముక్కతో గీసిన పులిజూదం పటం, పదిహేను చింతపిక్కలు, మూడు గులకరాళ్ళు చాలు. ఆడినవారు పక్షాలు మార్చుకోవాలి, తరువాత మాట్లాడుకోవాలి. చెరువు నీటి పంపకం, ఆటస్థలం వినియోగం వంటి స్థానిక సమస్యల మీద యువజన పార్లమెంటును వ్రాత సంభాషణలు లేకుండా నిర్వహించవచ్చు. ఎదుటివారి సూచనను స్వీకరించి తీర్మానాన్ని సవరించినవారికి మార్కులు కేటాయిస్తే పోటీ స్వరూపమే మారిపోతుంది. ఫరీదాబాద్‌లోని సూరజ్‌కుండ్‌లో 1987 నుండి జరుగుతున్న చేతివృత్తుల మేళాకు 2016లో తెలంగాణ ప్రధాన అతిథి రాష్ట్రంగా నిలిచింది. బొమ్మలు, పటాలు చేసే మన కళాకారులకు అటువంటి వేదికలు కొత్త బోధనా క్రీడలను పరిచయం చేసే అవకాశాలు కాగలవు.

కురుక్షేత్ర శిబిరం నుండి మూటాముల్లెతో ఫరీదాబాద్ చేరినవారికి సంధి విద్యను ఎవరూ పుస్తకంలో నేర్పలేదు. ఒకరినొకరు నమ్మక తప్పని పరిస్థితిలో వారే దానిని నేర్చుకున్నారు. అంతటి కష్టం రాకముందే, అంతటి మూల్యం చెల్లించకుండానే, ఆ విద్యలో కొంతైనా పిల్లలకు అందించగలగడమే సప్రయోజన క్రీడల సార్థకత. రాయబారం విఫలమైన కథను తెలుగువారు తరతరాలుగా ఆదరించి వింటున్నారు. రాయబారం ఫలించే విధానాన్ని బడిలో అభ్యాసం చేయించడం ఈ తరం విద్యావేత్తల మీద, పరిపాలకుల మీద ఉన్న బాధ్యత.